మామూలు గదిలో నడిచే మిషను

“మిక్సీ వెయ్యకు దుర్గా, గీత పోతోంది.”

ఉమామహేశ్ ఈ మాట అన్నది ఒకే ఒక్కసారి, అదీ రెండేళ్ళ కిందట. అన్నవాడు ఆ సాయంత్రానికే మర్చిపోయాడు. విన్న మనిషి మర్చిపోలేదు. ఆ మర్నాటి నుంచీ భవానీపురంలోని ఆ ఇంట్లో పొద్దున్న ఏడు దాటాక మిక్సీ తిరగలేదు. పచ్చడేదైనా ఏడు లోపలే రుబ్బేసుకోవాలి. కుదరకపోతే పెరట్లో కుళాయి పక్కనున్న రోట్లో నూరుకోవాలి. మిక్సీతో ఆగినా బాగుండేది. నెల తిరక్కుండా గ్రైండరూ, వాషింగ్ మెషీనూ కూడా ఆ వరసలో చేరాయి. వాటి సంగతి ఎవరూ చెప్పలేదు, నాగదుర్గే కనిపెట్టింది. బట్టలు మెషీన్లో తిరుగుతున్నంతసేపూ ముందు గదిలో తెర మీద గీత జ్వరమొచ్చిన మనిషిలా వణికేది. సరే, చేత్తోనే ఉతుక్కుందాం అనుకుంది. అనుకుని ఉతుక్కుంటోంది. పండగ ఆఫర్లో కొన్న ఆ మెషీను మీద ఇప్పుడు మడతపెట్టాల్సిన దుప్పట్లు ఉంటున్నాయి.

ఆ గీత ఏమిటో చెప్పాలి కదా. ఉమామహేశ్ హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానుకుని వచ్చి ఇంటి ముందు గదిలో క్వాంటమ్ కంప్యూటర్ కడుతున్నాడు. నవ్వకండి, నిజంగానే కడుతున్నాడు. పెద్ద పెద్ద కంపెనీలు చేసే రకానికి సున్నా కింద రెండొందల డెబ్భై డిగ్రీల చలి కావాలి. ఆ చలి పుట్టించే ఫ్రిజ్జు ఒక్కదానికే కోట్లవుతాయి. మన కాలేజీ పిల్లలు దాన్ని ఫొటోలో చూడాల్సిందే. ఆ ఫ్రిజ్జు లేకుండా, బియ్యపు నూకంత వజ్రంతో, మామూలు వేడిలో నడిచేది చెయ్యాలని ఇతని పట్టుదల. ల్యాబులో పెంచిన ఆ వజ్రంలో ఒకచోట ఒక పరమాణువు ఉండాలి, అది లేదు. ఆ ఖాళీయే లెక్క చేస్తుంది. పచ్చటి లేజరు వేస్తే ఎర్రటి వెలుగు తిరిగొస్తుంది, ఆ వెలుగు హెచ్చుతగ్గులు తెర మీద గీతగా కనబడతాయి. గీత ఉన్నచోట ఉంటే మిషను లెక్క చేస్తున్నట్టు. గీత పక్కకి జరిగిందా, ఆ రోజుకింతే. మోటారు తిరిగినా జరుగుతుంది, గది రెండు డిగ్రీలు వేడెక్కినా జరుగుతుంది. అలా జరక్కుండా ఖరీదైన ప్రత్యేక లోహంతో పెట్టె చేయించి వజ్రాన్ని అందులో పెట్టాలి. ఉమామహేశ్ ఆ పెట్టె ధర కనుక్కుని, “మనకి అక్కర్లేదు, చూడు, ఎంత నిలకడగా ఉందో” అన్నాడు. అప్పుడు పొద్దున పదిన్నర. గోడకి అవతల నాగదుర్గ పొయ్యి వెలిగించకుండా, ఫ్రిజ్జు ప్లగ్గు పీకేసి, కత్తిపీట ముందు కూర్చుని రాత్రి కూరకి బెండకాయలు తరుగుతోంది.

నాగదుర్గ ఎమ్మెస్సీ ఫిజిక్స్. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక జూనియర్ కాలేజీలో తొమ్మిదేళ్ళు పాఠం చెప్పింది. ఆయన ఉద్యోగం మానుకుని వస్తానన్నప్పుడు, “ఒకళ్ళ జీతమైనా ఉండాలి కదండీ” అంది. “నేను దాచింది మూడేళ్ళకి సరిపోతుంది. నువ్వు ఇంట్లో ఉన్నావంటే నాకో ధైర్యం దుర్గా” అన్నాడు. ఆ మాట అప్పుడు ఎంత తియ్యగా ఉందో! రాజీనామా కాగితం ఇచ్చి వస్తూ దారిలో పూలు కూడా కొనుక్కుంది. ఇప్పుడు ఆ రోజు తలుచుకుంటే పూలు కొన్నది గుర్తొస్తుంది గానీ, ఆ సంతోషం ఎలా ఉండేదో గుర్తు రాదు.

అత్తగారు వెంకటరావమ్మ చెడ్డ మనిషేం కాదు. డెబ్భై రెండేళ్ళు. పెళ్ళైన కొత్తలో మగ్గం మీద భర్త నేస్తుంటే పక్కన కూర్చుని రోజంతా నూలు కండెలు చుట్టిన చేతులు. “మీ మామయ్య నేసిన చీరలంటే ఊరూరా పేరుండేదమ్మాయ్” అని మురిసిపోతుంది. కండెలు ఎవరు చుట్టారని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఫ్రిజ్జు ఆపడం వల్ల పాలు విరిగితే మాత్రం, “ఇంట్లో ఉండే మనిషివి, పాలు కాచుకోవడానికి కూడా తీరిక లేదా?” అంటుంది. నాగదుర్గకి ఏమీ అనిపించదు. విరిగిన పాలు బెల్లం వేసి కోవా చేసేస్తుంది. కూతురు రుచిత ఇష్టంగా తింటుంది.

రుచిత తొమ్మిదో తరగతి. మొన్న స్కూల్లో ఏదో ఫారం ఇచ్చారు. “అమ్మా, నువ్వేం చేస్తావని రాయను? మిషన్ ఆపరేటర్ అని రాసెయ్యనా?” అంది. ఉమామహేశ్ పకపకా నవ్వాడు. “ఒసేయ్, కుట్టు మిషననుకుంటారే! జాకెట్లు పంపిస్తారు రేపట్నించీ!” అత్తగారూ నవ్వింది, రుచితా నవ్వింది. నాగదుర్గ కూడా నవ్వింది. నవ్వాక రుచిత ‘హోమ్ మేకర్’ అని రాసుకుపోయింది. అదీ కరెక్టే కదా అనుకుంటూ నాగదుర్గ ముందు గదిలోకి వెళ్ళి, లేజరు అద్దాన్ని వెంట్రుకవాసి పక్కకి తిప్పి, నోట్‌బుక్కులో టైము వేసింది.

ఆ నోట్‌బుక్కు ఒకటి ఉంది, నిజానికి ఇప్పుడు నడుస్తున్నది ఆరోది. గీత ఎప్పుడు ఎంత జరిగిందో, ఆ వేళకి ఇంట్లో ఏం జరుగుతోందో, పక్కపక్కన రాస్తుంది. ఆరుంబావు, పై వాటావాళ్ళ నీళ్ళ మోటారు. ఏడూ నలభై, పొయ్యి మీద పప్పు, గోడ వేడి. ఎనిమిదిన్నర, అత్తయ్యగారి టేబుల్ ఫ్యాను ఈ వైపుకి తిప్పారు. కిందటి ఎండాకాలం రెండు వారాలపాటు గీత ఊరికే ఊరికే పక్కకి దూకేది. “ఏం ముట్టుకున్నావు? నిజం చెప్పు” అని ఉమామహేశ్ విసుక్కున్నాడు. లేజరు మార్చాడు, వైర్లు మార్చాడు, హరిబాబుని పిలిపించి ప్రోగ్రామంతా తిరగరాయించాడు. ఈ హరిబాబు ఆయన స్నేహితుడు, సాఫ్ట్‌వేర్ పని చూస్తాడు. చివరికి నాగదుర్గ ఒకరోజు అద్దం సరిచెయ్యడానికి వంగి, తెర వైపు చూసి, లేచి, మళ్ళీ వంగింది. మెడలో పుస్తెలతాడుకి నాలుగు పిన్నీసులు వేలాడుతున్నాయి. చున్నీ జారుతోందని రుచిత, చెప్పు తెగిందని అత్తగారు, జిప్పు పోయిందని ఆయన, ఎవరికి అవసరమైనా ముందు ఆమె మెడ వైపే చూస్తారు కదా, అందుకని ఎప్పుడూ నాలుగైదు ఉంచుకుంటుంది. ఉక్కు పిన్నీసులు. వాటిని తీసి వంటింట్లో గూట్లో పెట్టి వచ్చి వంగింది. గీత కదల్లేదు. ఆ నెల్లోనే ఉమామహేశ్ ఒక మీటింగులో, “ఆపరేటర్ ఒంటి మీది ఇనుము కూడా లెక్కలోకి తీసుకోవాలని మా టీమ్ కనిపెట్టింది” అని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. వీడియో ఇంటికొచ్చి చూపించాడు. బాగుందండీ అంది.

అప్పుడే కరపత్రం వేయించాడు. ‘మామూలు గదిలో, మామూలు కరెంటు మీద, దానంతటదే నడిచే క్వాంటమ్ కంప్యూటర్.’ కింద రెండు పేర్లు, ఉమామహేశ్, హరిబాబు. ఆ రోజు మాత్రం నాగదుర్గకి నోరు పెగిలింది. “నా పేరు కూడా వేస్తే…” అంది. మాట మధ్యలోనే ఆయన నవ్వేశాడు. “పిచ్చిదానా, ఇంట్లో మనిషివి, నీకు పేరేంటే? అదంతా నీదేగా!” అన్నాడు. ప్రేమగానే అన్నాడు, అదీ వచ్చిన చిక్కు. తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేది. రెండేళ్ళు ఏం చేశావని రేపెవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఆమె దగ్గర ఆ ఒక్క పేరైనా ఉండేది. అదీ లేదు. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. కోపం రాదు, ఏడుపు రాదు, ఆకలి కూడా వేళకి వెయ్యదు. ఏ పనికి ఆ పని అయిపోతూ ఉంటుంది.

కంకిపాడు దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీ నుంచి ఫిజిక్స్ హెడ్డు ఛాయాదేవి గారు వచ్చి మిషను చూసింది ఆ రోజుల్లోనే. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు తాడుతో మెడలో వేసుకుని ఉంటుంది. గంటసేపు తెర ముందు కూర్చుంది. గీత గోడకి కొట్టిన మేకులా ఉంది. కాఫీ పట్టుకొచ్చిన నాగదుర్గని చూపించి, “మా మిసెస్ అండీ, హౌస్‌వైఫ్. అప్పుడప్పుడూ సాయం చేస్తుంటుంది” అన్నాడు ఉమామహేశ్. ఆ కాఫీకి పాలు పొద్దున ఐదింటికే కాచి ఫ్లాస్కులో పోసి ఉంచింది నాగదుర్గ. ఛాయాదేవి గారు ఒక సిప్పు తాగి, “కాఫీ ఫ్లాస్కులోదా అమ్మా?” అంది. అవునండీ అంది నాగదుర్గ. ఎందుకో చెప్పలేదు. పదిరోజుల్లో ఆ కాలేజీ ఒక మిషను ఆర్డరు పెట్టింది. మొదటి ఆర్డరు! ఇది నిలబడితే ఇంకో ఐదు కాలేజీలు సిద్ధంగా ఉన్నాయి. పోతే కట్టిన డబ్బు వాపసు, మూడేళ్ళ పొదుపూ హుళక్కి.

అది నిలబడలేదు. కంకిపాడులో గీత రెండు నిమిషాలు ఉండటం, దూకడం. ఉమామహేశ్ మూడు వారాలు తిరిగాడు. లేజరు మార్చాడు, కరెంటు బాక్సు మార్చాడు. హరిబాబు ప్రోగ్రాము మార్చాడు. నాలుగోసారి వెళ్తూ, “వజ్రం మీది తీగ ఊడినట్టుంది. నీ చేతులు సన్నం, నువ్వూ రా” అన్నాడు నాగదుర్గతో. ఆ తీగ వెంట్రుకకన్నా సన్నం. పుట్టింట్లో మగ్గం మీద తెగిన పడుగు పోగులు అతకడం వాళ్ళమ్మ నేర్పింది కాబట్టి దాన్ని అంటించగల చేతులు ఆ రెండే. గురువారం పొద్దున అత్తగారికి అన్నీ అమర్చిపెట్టి బయల్దేరింది. బెంజ్ సర్కిల్ దాటి బందరు రోడ్డెక్కి కంకిపాడు చేరేదాకా ఆయన ఫోన్లో హరిబాబుని కేకలేస్తూనే ఉన్నాడు.

ల్యాబులో అడుగుపెట్టగానే నాగదుర్గకి ముందు చెవికి తెలిసింది. వెనక గోడ అవతల బరబరమని ఒకటే మోత. కాలేజీ క్యాంటీను. పిండి రుబ్బుతున్నారు. తెర మీద గీత కేసి చూసింది, ఇంట్లో గ్రైండరు వేసిన రోజు ఎలా ఊగిందో అచ్చం అలాగే ఊగుతోంది. తీగ ఊడలేదు, ఏదీ పాడవలేదు. భూతద్దం పెట్టి తీగ చూస్తున్నట్టు వంగి అలాగే నిలబడింది. చెప్పాలా వద్దా అని కూడా అనుకోలేదు. చెప్పడం అనేది ఒకటి ఉంటుందని ఆమెకి తట్టలేదు, అంత అలవాటు తప్పింది.

ఛాయాదేవి గారు కళ్ళజోడు పెట్టుకుని కుర్చీ లాక్కుంది.

“ఉమామహేశ్ గారూ, రేపు మా కమిటీ మీటింగండీ. వెనక్కి పంపించెయ్యమని ఇప్పటికే ఒత్తిడి. నేను మీ ఇంట్లో కళ్ళారా చూశాను, గంటసేపు కదల్లేదు. అక్కడ ఉండి ఇక్కడ లేనిదేంటి?”

“ఏం తేడా లేదు మేడమ్. అవే పార్టులు, అదే డిజైను.”

“అక్కడ దాన్ని ఎవరు చూస్తుంటారు?”

“ఎవరూ చూడక్కర్లేదండీ. దానంతటదే నడుస్తుంది. అదే కదా దీని గొప్ప!”

అబద్ధం చెబుతున్నాడనుకునేరు. కాదు. మనస్ఫూర్తిగా అన్నాడు. ఆయన ఎనిమిదిన్నరకి లేచి, స్నానం చేసి, టిఫిన్ తిని, తొమ్మిదిన్నరకి ముందు గదిలోకి వెళ్ళేసరికి గీత నిలబడి ఉంటుంది. రెండేళ్ళుగా రోజూ అలాగే ఉంది. దానంతటదే ఉందనుకోక ఏమనుకుంటాడు! ఐదింటికి లేవడం, రుబ్బడం, పాలు కాచడం, ఆరింటికి లేజరు వేసి రెండు గంటలు వేడెక్కనివ్వడం, అద్దం తిప్పడం, పై వాటా ఇల్లాలిని బతిమాలి మోటారు తొమ్మిదిలోపే వేయించడం, పొయ్యి కట్టెయ్యడం, ఫ్రిజ్జు పీకడం, బట్టలు బండ మీద చప్పుడు కాకుండా ఉతకడం, ఒంటిగంటకి ఆయన భోజనానికి లేచాక అన్నీ మళ్ళీ తగిలించడం… ఇవన్నీ ఒక్కటొక్కటిగా నాగదుర్గ కళ్ళ ముందు తిరిగాయి. వీటన్నిటికీ కలిపి ఆయన పెట్టిన పేరు ‘ఎవరూ’. అది విన్నాక ఎక్కడో నొప్పి పుట్టాలి. పుట్టలేదు. తిమ్మిరెక్కిన కాలు నేల మీద పెడితే ముందు ఏమీ తెలియదు చూడండి, అలా ఉంది.

భూతద్దం పక్కన పెట్టింది.

“మేడమ్, మీ క్యాంటీన్లో గ్రైండరు ఓ పది నిమిషాలు ఆపమంటారా?”

“ఎందుకమ్మా?” అంటూనే ఛాయాదేవి గారు అటెండరు అమలమ్మని పంపింది. ఉమామహేశ్ భార్య వంక చూసి, “నువ్వు తీగ చూడు దుర్గా” అన్నాడు మెల్లిగా. కాసేపటికి గోడ అవతల మోత ఆగింది. తెర మీద గీత రెండుసార్లు ఊగి, నిలబడింది. నిమిషం, మూడు నిమిషాలు, ఏడు నిమిషాలు.

“ఓహ్, బయటి డిస్టర్బెన్సు! అదేనండీ, నేనూ అదే అనుకుంటున్నాను” అని ఉమామహేశ్ అందుకున్నాడు. ఛాయాదేవి గారు ఆయన వైపు చూడలేదు.

“మీ ఇంట్లో గ్రైండరు లేదా అమ్మా?”

“ఉందండీ. వెయ్యను.”

“మిక్సీ?”

“పొద్దున ఏడు దాటితే వెయ్యనండీ.”

“వాషింగ్ మెషీను?”

“చేత్తో ఉతుకుతానండీ.”

“ఎన్నాళ్ళుగా?”

“రెండేళ్ళు.”

ఛాయాదేవి గారు కళ్ళజోడు తీసేసింది. “కాఫీ ఫ్లాస్కులో ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమైంది” అంది. పాపం, ఉమామహేశ్ మొహంలో నిజంగా ఆశ్చర్యం కనబడింది. తన ఇంట్లో వాషింగ్ మెషీను తిరగడం లేదని ఆయనకి ఆ క్షణమే తెలిసింది.

నాగదుర్గ సంచీలోంచి నోట్‌బుక్కు తీసి బల్ల మీద పెట్టింది. “ఇది దానంతటది నడవదండీ. నేను నడుపుతున్నాను” అంది. అంత చిన్న మాటకి రెండేళ్ళు పట్టిందేమిటా అని మాత్రం అనిపించింది.

ఛాయాదేవి గారు పేజీలు తిప్పింది, చాలాసేపు తిప్పింది. తర్వాత అంది, “మా క్యాంటీను ఆపలేనమ్మా, నాలుగొందల మంది పిల్లలు తింటారు. గది మార్చాలో, పెట్టె చేయించాలో, వేళలు మార్చాలో తెలిసిన మనిషి ఉంటే ఈ మిషను ఉంచుకుంటాం. లేకపోతే ఉంచుకుని ఏం లాభం? మీరేం చదివారు?”

“ఎమ్మెస్సీ ఫిజిక్స్ అండీ. తొమ్మిదేళ్ళు లెక్చరర్‌గా చేశాను.”

“ఈ సంగతి నాకెవరూ చెప్పలేదే!” అని ఉమామహేశ్ వైపు ఓ చూపు చూసింది. “మా ల్యాబులో డెమాన్‌స్ట్రేటరు పోస్టు ఖాళీగా ఉంది. ఈ మిషను మీ చేతికే ఇస్తాను, ల్యాబు పుస్తకంలో దాని ఎదురుగా మీ పేరే ఉంటుంది. వస్తారా?”

“ఆవిడకి కుదరదండీ మేడమ్” అన్నాడు ఉమామహేశ్, నవ్వు తెచ్చుకుంటూ. “ఇంట్లో అమ్మ ఉంది, పాప చదువు… పైగా భవానీపురం నుంచి రోజూ ఇంత దూరం…”

“నేను ఆవిణ్ణి అడిగానండీ.”

“కుదురుతుందండీ” అంది నాగదుర్గ. “సోమవారం నుంచి వస్తాను.”

తిరుగుదారిలో పెనమలూరు దాకా ఆయన హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆ తర్వాత మొదలుపెట్టాడు. ముందు తనతో అని ఉండాల్సింది అన్నాడు. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది అన్నాడు. అమ్మకి ఏం చెబుతావన్నాడు. పోనీ ఆర్డరు నిలబడింది, అదే పదివేలు అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. నాగదుర్గ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఎక్కడో ఎవరో వేడివేడిగా పునుగులు వేస్తున్న వాసన వచ్చింది. ఆకలేస్తోందని తెలిసింది. ఇంతలా ఆకలేసి ఎన్నాళ్ళయిందో! బండి ఆపమని అడిగి, పొట్లం కట్టించుకుని, ఆయనకి ఇవ్వబోతే వద్దన్నాడు. తనే మొత్తం తింది.

బెంజ్ సర్కిల్ దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ ఆలోచించి ఆలోచించి, అంతా విన్నా ఆ ఒక్కటీ ఇంకా అందనివాడిలా, ఆయన ఆమె వైపు తిరిగాడు.

“మరి ఇంట్లో మిషను ఎవరు చూస్తారు దుర్గా?”

“మనిషిని పెట్టుకోండి” అంది నాగదుర్గ.